వేదికపై గొంతు వణకకుండా

నలుగురి ముందు మైకు అందుకోగానే గొంతు వణకడం, చేతిలోని కాగితం రెపరెపలాడటం చాలామందికి అనుభవమే. నిరుడు మా పెద్దనాన్నగారి పదవీ విరమణ సభలో నేనూ అలాగే తడబడ్డాను. ఆ తర్వాత నాకు నిజంగా పనికొచ్చిన పద్ధతి ఇది.

ప్రసంగంలోని మొదటి రెండు వాక్యాలను మాత్రమే కంఠస్థం చేసి, మిగిలిన అంశాలను పోస్టుకార్డంత దళసరి అట్టపై అయిదారు మాటలుగా పెద్ద అక్షరాలతో రాసుకోవాలి, ఎందుకంటే పల్చని కాగితంలా అట్ట చేతి వణుకును బయటపెట్టదు. నేను మాట్లాడిన తర్వాతి సభకు ముందు మూడు రోజులు తెల్లవారుజామున విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఎదుటి ఇసుకలో అలల వైపు నిలబడి ఆ వాక్యాలను పదేసి సార్లు బిగ్గరగా పలికాను. ఆ హోరులో మన మాట మనకే వినిపించాలంటే నోరు బాగా తెరిచి, నిదానంగా పలకక తప్పదు.

వేదికపైకి పిలిచే ముందు కుర్చీలోనే 4 అంకెలు లెక్కిస్తూ ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కిస్తూ వదలాలి. ఇలా 6 సార్లు చేయడానికి ఒక్క నిమిషం చాలు, గుండె దడ తగ్గడం తెలుస్తుంది. మాటల మధ్య దుఃఖం పొంగుకొస్తే ఆగి, ఒక గుక్క నీళ్లు తాగవచ్చు.

అయితే కంగారులో గాలిని గబగబా, బలంగా పీలిస్తే కళ్లు తిరుగుతాయి. అలా అనిపిస్తే లెక్క మానేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి.