లూసిడ్ డ్రీమ్‌లో కల మీద పట్టు సాధించడం ఎలా?

"ఇది కల" అని కలలోనే తెలిసిపోయింది; అలాంటి కలనే లూసిడ్ డ్రీమ్ అంటారు. సరే, ఎగిరి చూద్దాం అనుకున్నారు. రెండు గజాలు పైకి లేచి మళ్లీ నేల మీదే పడ్డారు. ఇంకోసారి గట్టిగా ప్రయత్నించేలోపే కళ్లు తెరుచుకున్నాయి. చూస్తే దుప్పటి, దిండు, గోడ గడియారం.

కొత్తలో దాదాపు అందరిదీ ఇదే కథ. కల అని గుర్తుపట్టడం ఒక విద్య, గుర్తుపట్టాక దాన్ని నడిపించడం మరో విద్య. మొదటిది పట్టుబడితే రెండోది దానంతటదే వచ్చేస్తుందనుకుంటాం. నేనూ అలాగే అనుకుని చాలా మంచి కలలు పాడుచేసుకున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో అర్థమయ్యేసరికి చాలా నెలలు పట్టింది: నేను కలకు హుకుం జారీ చేస్తున్నాను. కల హుకుం వినదు. ఏం జరుగుతుందని లోలోపల అనుకుంటామో అదే చేసి చూపిస్తుంది. "ఎగరాలి" అని పైకి అంటూ లోపల "పడిపోతానేమో" అనుకుంటే, దానికి రెండో మాటే వినిపిస్తుంది.

అప్పుడప్పుడైనా కలను కలగా గుర్తుపట్టగలుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంకా ఒక్కసారి కూడా ఆ అనుభవం కాకపోతే మొదటి మెట్టు దగ్గరే కొన్ని వారాలు ఆగండి, తొందరేం లేదు.

మొదటి మెట్టు: పడుకునే ముందే ఒక్క పని అనుకోండి

లూసిడ్ డ్రీమ్ అనే మాటను 1913లో డచ్ మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ ప్రచారంలోకి తెచ్చాడు. అలాంటి కల ఉంటుందని శాస్త్రవేత్తలు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. మధ్యలో కాసేపు మెలకువ వచ్చి ఉంటుందిలే అని కొట్టిపారేసేవాళ్లు. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ ఒక ప్రయోగం చేశాడు. కలలొచ్చే రెమ్ నిద్రలో ఒళ్లు కదలదు గానీ కనుగుడ్లు కదులుతాయి. అందుకని, కల అని తెలియగానే కళ్లను ఎడమకూ కుడికీ తిప్పాలని ముందే ఒప్పందం. అలన్ వర్స్‌లీ అనే ఆయన నిద్రలోంచే ఆ సైగ చేశాడు, యంత్రం మీద అది నమోదైంది. కొన్నేళ్లకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ కూడా విడిగా ఇదే నిరూపించాడు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. వర్స్‌లీ ఏం చేయాలో కలలోకి వెళ్లాక ఆలోచించుకోలేదు, పడుకునే ముందే తెలుసు. అదీ ఒకే ఒక్క చిన్న పని.

మీరూ అలాగే ఒక్కటే అనుకోండి. "ఒక తలుపు తీసి సముద్రం దగ్గరికి వెళ్తాను" లాంటిది. దాన్ని కాగితం మీద రాసి, కళ్లు మూసుకుని రెండు మూడుసార్లు మనసులో జరిపించుకోండి. గొళ్లెం చేతికి తగలడం, గాలి మొహానికి కొట్టడం, అన్నీ. కలలో బుర్ర పనిచేయదని కాదు. 2021లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, నిద్రలో ఉన్నవాళ్లను ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత లాంటి లెక్కలు అడిగితే కొందరు కళ్ల కదలికలతో సరైన జవాబే చెప్పారు. లెక్క వస్తుంది గానీ, ఏం చేద్దామని వచ్చామో గుర్తుండదు. వంటగదిలోకి వెళ్లి ఎందుకొచ్చానబ్బా అని నిలబడిపోతామే, అచ్చం అలాగే. నాలుగు పనుల జాబితా పట్టుకెళ్తే ఒక్కటీ గుర్తురాదు.

సమయం కూడా చూసుకోవాలి. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. రెమ్ భాగం తొలి ఆవృత్తాల్లో కొద్దిగానే ఉంటుంది, తెల్లవారుజాముకు నిడివి పెరుగుతుంది. కాబట్టి పడుకున్న ఐదు గంటలకు అలారం పెట్టుకుని లేచి, ఓ పావుగంటో అరగంటో మెలకువగా ఉండి, అప్పటిదాకా వచ్చిన కలను గుర్తు చేసుకుని, "ఈసారి కల వస్తే అది కల అని గుర్తుపడతాను" అని అనుకుంటూ మళ్లీ పడుకోవాలి. ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు. వారంలో ఒకటి రెండు రాత్రులు చాలు, అదీ మర్నాడు పొద్దున్నే పని లేని రోజుల్లో.

రెండో మెట్టు: తెలియగానే ఏమీ చేయకండి

అవును, ఏమీ చేయవద్దు. "అమ్మో, ఇది కల!" అన్న సంబరమే కలకు మొదటి శత్రువు. గుండె దడదడలాడిందంటే మెలకువ వచ్చేసినట్టే. ఉన్నచోటే నిలబడండి. ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడండి. కలలో మూసిన ముక్కుతోనూ గాలి ఆడుతుంది. అలా ఆడిందంటే అనుమానం తీరిపోతుంది, మనసు స్థిమితపడుతుంది.

తర్వాత అరచేతులు రెండూ రుద్దుకోండి. వేడి, గరుకు తెలుస్తాయి. గోడను తాకండి, వంగి నేలను తడమండి, చుట్టూ ఉన్న చప్పుళ్లు వినండి. ఇంద్రియాలను కలలోని ఒంటికి అప్పజెప్పినంతసేపూ మంచం మీద ఉన్న ఒళ్లు గుర్తుకు రాదు. చూపు మాత్రం ఒకేచోట గుచ్చిపెట్టకండి. ఒక బొమ్మనో అక్షరాన్నో అదే పనిగా చూస్తే అది కరిగిపోతుంది, దానితోపాటు కలా పోతుంది.

దృశ్యం పలచబడుతున్నట్టు, రంగులు వెలిసిపోతున్నట్టు అనిపిస్తే మళ్లీ చేతులు రుద్దండి. లేదంటే నిలబడ్డచోటే బొంగరంలా గిర్రున తిరగండి. ఈ తిరగడం చిట్కాను పరీక్షించి చూసింది లాబెర్జే. తిరగడం ఆపాక తరచూ వేరే చోట ఉంటారు. అది తప్పేమీ కాదు, కల మిగిలిందిగా.

మొదట్లో నాలుగైదు కలలు ఈ మెట్టుకే ఖర్చు పెట్టండని నా సలహా. ఎగరొద్దు, మనుషులను పిలవొద్దు. ఊరికే నడుస్తూ అన్నీ చూడండి. ఈ మాట ఎవరికీ నచ్చదని నాకు తెలుసు.

మూడో మెట్టు: హుకుం మానేసి, నమ్మడానికి వీలు కల్పించండి

అసలు కిటుకు ఇక్కడుంది. మెలకువలో ఉన్నప్పుడు బయటి వెలుగూ చప్పుడూ మన ఊహను ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. నిద్రలో ఆ తలుపులు దాదాపు మూసుకుపోతాయి. మెదడుకు మిగిలేది జ్ఞాపకాలూ, "తర్వాత ఇది ఉంటుంది" అన్న అంచనాలూ. వాటితోనే దృశ్యం అల్లుతుంది. కాబట్టి అంచనాను మారిస్తే దృశ్యం మారుతుంది. అయితే "నమ్ముతున్నాను, నమ్ముతున్నాను" అని పళ్లు బిగపట్టినంత మాత్రాన నమ్మకం రాదు. తేలిగ్గా నమ్మగలిగే దారిలో వెళ్లాలి.

ఉదాహరణకు, ఖాళీ నేల వైపు చూస్తూ "సైకిల్, రా" అంటే రాదు. ఎందుకంటే ఖాళీగా ఉందని కళ్లారా చూస్తూనే ఉన్నారు. అదే "మూల తిరిగితే అక్కడ సైకిల్ నిలబెట్టి ఉంటుంది" అనుకుని మూల తిరగండి. చాలాసార్లు ఉంటుంది. కనపడని చోటు ఏదైనా ఇలాగే పనిచేస్తుంది. చిన్న వస్తువైతే జేబులో చెయ్యి పెట్టి తీయండి. మనిషి కావాలంటే వెనక నిలబడి ఉన్నట్టు అనుకుని, మాట్లాడుతూ, తిరిగి చూడండి. చోటు మారాలంటే తలుపు తీయండి. తలుపు వెనక ఏదైనా ఉండొచ్చన్నది చిన్నప్పటినుంచీ మనకు తెలిసిన విషయమే కాబట్టి మనసు అడ్డు చెప్పదు. తలుపు కనపడకపోతే గోడను నెట్టండి, తెర ఉంటే పక్కకు లాగండి.

తలుపు తీసే ముందు, అవతల ఉన్నదాన్ని వినడానికి ప్రయత్నించండి. సముద్రం కావాలంటే అలల హోరు వినపడేదాకా గొళ్లెం మీద చెయ్యి ఉంచి ఆగండి. నేను తొందరపడి తీసిన తలుపుల వెనక ఎక్కువగా కనపడింది మరో గది, దానికి మరో తలుపు. ఒకసారి పదకొండు లెక్కపెట్టాను.

పని జరగకపోతే అదే పనిని మళ్లీ మళ్లీ చేయకండి. ప్రతి ఓటమీ "ఇది కాదు" అన్న అంచనాను ఇంకాస్త గట్టిపరుస్తుంది. నవ్వుకుని, దారి మార్చండి. సూటిగా కానిది వంకరగా అవుతుంది: గోడలోంచి దూరలేకపోతే, కళ్లు మూసుకోకుండా వీపు ఆనించి వెనక్కి వాలండి.

ఎగరడం సంగతి

అందరూ అడిగేది ఇదే కాబట్టి విడిగా చెబుతున్నాను. మేడ మీదినుంచి దూకడంతో మొదలుపెట్టకండి. పడిపోతామన్న భయం ఒంట్లో జీర్ణించుకుపోయినది, దానితో పోట్లాడి గెలవలేరు. పైగా, ఇది కల అన్నది మీ పొరపాటు కాదని నూటికి నూరుపాళ్లు తేలకుండా ఎత్తు నుంచి దూకే అలవాటే మంచిది కాదు.

నడుస్తూ అంగలు కాస్త పెద్దవి చేయండి. అంగకూ అంగకూ మధ్య గాల్లో ఉండే సమయం కొంచెం పెరిగిందని గమనించండి, పెంచాలని చూడొద్దు. కాసేపటికి పాదాలు నేలను రాసుకుంటూ జారుతుంటాయి. అక్కడినుంచి ఈతలోలా చేతులతో గాలిని వెనక్కి నెట్టండి. ఈత వచ్చినవాళ్లకు ఇది భలే కుదురుతుంది, ఒంటికి తెలిసిన పనే కదా. పైకి వెళ్లాక కిందికి చూడకుండా వెళ్లాల్సిన వైపే చూడండి. చూపు ఎటుంటే కల అటే వెళ్తుంది. నాకు ఎప్పుడూ కరెంటు తీగలు అడ్డొచ్చేవి. వాటికి తగలకూడదని భయపడుతూ వాటినే చూసేవాణ్ని, చూసినకొద్దీ అవి దట్టమయ్యేవి. ఆకాశం వైపు చూడడం అలవాటయ్యాక తీగలు కనపడడం మానేశాయి.

ఎవరైనా తరుముకొస్తే

పారిపోవడమంటే వాడు ప్రమాదకరమైనవాడని ఒప్పుకోవడమే. ఆ ఒప్పుకోలు అందుకుని కల వాణ్ని ఇంకా పెద్దవాణ్ని చేస్తుంది. కొట్టబోయినా దాదాపు అంతే. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ థోలీ చెప్పిన దారి వేరు: ఆగి, ఎదురుగా నిలబడి, స్నేహంగా మాట్లాడడం. "ఎవరు నువ్వు? నాతో ఏం పని?" అని అడగండి. చాలాసార్లు ఆ ఆకారం చిన్నదవుతుంది, మొహం మారుతుంది, ఒక్కోసారి వింత జవాబు చెబుతుంది. ధైర్యం చాలకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. మెలకువ తెచ్చుకోవచ్చు, అదీ ఒక అదుపే. కళ్లు గట్టిగా మూసి తెరవడమో, ఒక చిన్న అక్షరాన్ని కన్నార్పకుండా చూడడమో చేస్తే ఎక్కువసార్లు బయటపడతారు.

జాగ్రత్తలు

నిద్ర చెడగొట్టుకుని ఈ సాధన చేయకండి. పగలు తూగుతుంటే ఓ నెల మానేయండి. నిజానికీ ఊహకూ తేడా చెరిగిపోయే మానసిక సమస్యలు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు. మధ్యరాత్రి లేచి పడుకునే పద్ధతిలో కొందరికి స్లీప్ పెరాలిసిస్ వస్తుంది. మెలకువ ఉన్నా ఒళ్లు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. భయంగా ఉంటుంది గానీ సాధారణంగా ప్రమాదం లేదు. రెమ్ నిద్రలోని కదలలేని స్థితి కాస్త ఆలస్యంగా వదులుతోంది, అంతే. నెమ్మదిగా ఊపిరి తీస్తూ కాలి వేలొకటి కదిలించడానికి ప్రయత్నించండి.

లేచాక

కళ్లు తెరవకుండా, కదలకుండా ఓ నిమిషం అలాగే పడుకోండి. ఒక్కోసారి అదే కలలోకి తిరిగి జారుకుంటారు. లేదంటే లేచి రాయండి: ఏం చేయాలనుకున్నారు, ఏ దారి పనిచేసింది, ఏ క్షణంలో చేజారింది. కథ మొత్తం అక్కర్లేదు, ఈ మూడు ముక్కలు చాలు. పది కలలయ్యాక చదివితే మీ నమ్మకం ఎక్కడ బెసుకుతోందో తెలుస్తుంది.

రాయబోయే ముందు ఇంకోసారి ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడండి. లేచినట్టు కలగనడం కూడా ఉంది. నేను ఒక తెల్లవారుజామున నోటుబుక్కు నిండా రెండు పేజీలు శ్రద్ధగా రాసి, తృప్తిగా కలం మూసి, ఆ తర్వాత నిజంగా లేచాను. పేజీ తెల్లగా ఉంది.