గ్యాస్ మాత్ర వేసుకున్నా మంట తగ్గట్లేదా? వేళ సరిచూసుకోండి

సమస్య: రోజూ పరగడుపున పాంటోప్రజోల్ 40 వేసుకుంటున్నా మధ్యాహ్నానికి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు.

కారణం: చాలామందిలో లోపం మాత్రది కాదు, టిఫిన్ వేళది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ కడుపులో యాసిడ్‌ను వదిలే పంపులను మూసేస్తాయి. కానీ అప్పటికి పనిచేస్తున్న పంపులనే మూయగలవు. అవి ఎక్కువగా మేలుకునేది తిండి పడినప్పుడే. రక్తంలో మందు సగానికి తగ్గడానికేమో ఒకటి రెండు గంటలు చాలు. ఆరింటికి మాత్ర మింగి, కాఫీతో సరిపెట్టుకుని, పదింటికి ఇడ్లీ తింటే పంపులు లేచేసరికి మందు దాదాపు అయిపోయి ఉంటుంది. టిఫిన్ తిన్నాక బీపీ, షుగర్ మాత్రలతో కలిపి మింగినా నష్టమే. తిండి వల్ల మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది.

పరిష్కారం: పరగడుపున వేసుకుంటే సరిపోదు, తర్వాత అరగంట నుంచి గంటలోపు కడుపునిండా తినాలి. టిఫిన్ ఎనిమిదిన్నరకైతే మాత్ర ఏడున్నర, ఎనిమిది మధ్య. నమలకండి, పొడి చేయకండి. కడుపులోని యాసిడ్‌కు మందు పాడవకుండా కాపాడేది దాని పైపూతే.

సమస్య: మంట వచ్చినప్పుడు వేసుకుంటే పనిచేయట్లేదు.

ఇది అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే మందు కాదు. వరుసగా 3 నుంచి 5 రోజులు వాడితేగానీ పూర్తి బలం కనిపించదు. వెంటనే తగ్గాలంటే జెలుసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్. దానికీ, థైరాయిడ్ మాత్రకీ మధ్య 4 గంటల ఎడం ఉండాలి. పాంటోప్రజోల్ విషయంలో ఈ ఎడం అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడానికి కావాల్సిన యాసిడ్‌ను అది రోజంతా తగ్గించే ఉంచుతుంది. కాబట్టి థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు పాంటోప్రజోల్ మొదలుపెట్టిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకోండి.

సమస్య: పగలు బాగానే ఉంటుంది, పడుకోగానే గొంతులోకి పులుపు.

డాక్టర్‌ని అడిగి మాత్రను రాత్రి భోజనానికి అరగంట ముందుకు మార్చుకోండి. తిన్న 3 గంటల వరకు నడుం వాల్చవద్దు. తలవైపు మంచం కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చితే నడుం దగ్గర ఒంగి పొట్ట నొక్కుకుంటుంది, మంట ఇంకా పెరగొచ్చు. ఎడమవైపు తిరిగి పడుకోవడం మేలు. పడుకునేముందు ఫామోటిడిన్ (యాసిడ్ తగ్గించే మరో రకం మాత్ర) సాయపడుతుంది, కానీ రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో పట్టు తగ్గుతుంది.

సమస్య: మానేయగానే మంట రెట్టింపైంది.

నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు యాసిడ్ ఎక్కువగా ఊరుతుంది. డాక్టర్ సలహాతో మోతాదు తగ్గిస్తూ ఆపాలి. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ సొంతంగా కొనుక్కోవద్దు. అవి దాని పనిని తగ్గిస్తాయి.

మింగుడు పడకపోవడం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వేళలు మార్చుకుంటూ కూర్చోకండి, డాక్టర్‌కి చూపించుకోండి. ఛాతీ బిగుతుతో చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా గ్యాస్ అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.