మోకాలి నొప్పి రాకుండా సైకిల్ గేర్లు ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా సైకిల్ కొనేవాళ్లు షాపులో మొదట అడిగేది "ఎన్ని గేర్లున్నాయి?" అని. 7, 21, 24 అన్న ఆ అంకెతో మోకాలికి పనిలేదు. అడగాల్సింది, ఉన్నవాటిలో అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలికగా తిరుగుతుందని. హైదరాబాద్ రాతిగుట్టల మధ్య పెరిగిన ఊరు. నెక్లెస్ రోడ్డు మీద ఏ సైకిలైనా హాయిగానే పోతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు తిరిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

పెడల్ మీద ఎంత గట్టిగా నొక్కితే, ఆ సమయంలో మోకాలు ఎంత ఎక్కువగా ముడుచుకుని ఉంటే, మోకాలి చిప్ప తొడ ఎముకకు అంత గట్టిగా ఒత్తుకుంటుంది. బరువైన గేరులో మెల్లగా, బలంగా తొక్కడం వల్ల నొప్పి పుట్టేది ఇందుకే. తేలికైన గేరులో అదే పని ఎక్కువ తొక్కుళ్లకు పంచుకుపోతుంది.

ముందు పళ్లు లెక్కపెట్టండి

పెడళ్ల దగ్గరున్న పళ్లచక్రాల్లో అన్నిటికంటే చిన్నదాని పళ్లు, వెనక చక్రం దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పెద్దదాని పళ్లు చూడండి. చాలావాటి మీద అంకె చెక్కే ఉంటుంది. లేకపోతే ఒక పన్నుకు సుద్దముక్కతో గీత పెట్టి లెక్కించండి. ముందు అంకెను వెనక అంకెతో భాగించండి. 1 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఈ ఊరికి సరిపోతుంది. కొత్తవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు, నలభై దాటినవాళ్లకు 0.8 దగ్గర ఉంటే ఇంకా మంచిది.

ఈ అంకె ఏం చేస్తుందో లెక్కలో చూద్దాం. మామూలు హైబ్రిడ్ సైకిల్ (రోడ్ బైక్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకం) చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.15 మీటర్లు ముందుకు పోతుంది. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. 6 శాతం ఎత్తున్న (వంద మీటర్లకు ఆరు మీటర్లు పైకి లేచే) రోడ్డును గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి దాదాపు 125 వాట్ల శక్తి కావాలి. ముందు 42, వెనక 28 పళ్లుంటే నిమిషానికి 41 చుట్లే తొక్కగలరు. ముందు 24, వెనక 28 అయితే అదే వేగానికి 72 చుట్లు తిరుగుతాయి. శక్తి ఒకటే. కానీ మొదటిదాంట్లో ప్రతి తొక్కుకూ ఒకటీ ముప్పావు రెట్ల బలం పెట్టాలి. మోకాలికి తెలిసే తేడా అదే.

షాపులో ఏం చూడాలి

ముందు మూడు చక్రాలు 42-34-24, వెనక 14 నుంచి 28 ఉన్న 21 గేర్ల హైబ్రిడ్ అయితే తేలికైన గేరు 0.86. కొత్తవాళ్లకు నిశ్చింతగా చెప్పదగ్గది ఇదే. ముందు ఒకటే 42 పళ్ల చక్రం, వెనక 14-28 ఉన్న "7 గేర్ల" సైకిల్‌తో జాగ్రత్త. గేర్లున్నాయనే ధైర్యంతో కొంటారు గానీ, దాని తేలికైన గేరు 1.5. మిట్ట రోడ్డు మీద అది గేరు లేని సైకిల్ కంటే కాస్త నయం, అంతే. ముందు ఒకటే చక్రం కావాలంటే అది 32 పళ్లకు మించకుండా, వెనక పెద్దది 34కు తగ్గకుండా చూసుకోండి.

రోడ్ బైక్ (సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న వేగపు సైకిల్) మీద మనసుంటే ముందు 50-34, వెనక 11-34 ఉన్నది అడగండి. వెనక 11-28 అంటే తేలికైన గేరు 1.21. అది తొక్కి అలవాటున్న కాళ్లకు పనికొస్తుంది గానీ మొదటి ఏడాదికి కాదు.

గేరు లేని సైకిలే ఉందా? ముందు 44, వెనక 18 పళ్లుంటే 2.44 వస్తుంది. ఒకే పళ్లచక్రం ఉన్న ఫ్రీవీల్‌ను (వెనక చక్రానికి మరలతో బిగించే పళ్లచక్రాల భాగాన్ని) 22 పళ్లదానికి మారిస్తే 2కు దిగుతుంది. ఖర్చు తక్కువ. చైన్‌కు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు. అయినా నిటారు ఎత్తుల దగ్గర దిగి నడిపించడమే మోకాలికి క్షేమం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఉన్న సైకిల్‌నే తేలిక చేయడం

14-28 ఫ్రీవీల్ తీసి 14-34 వేయించుకోవచ్చు. ముందు 24 ఉంటే గేరు 0.7కు వస్తుంది. ఇక్కడ మెకానిక్‌తో మూడు విషయాలు గట్టిగా చెప్పాలి. వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకు జరిపే భాగం) 34 పళ్లను తీసుకోగలదో లేదో మొదట చూడాలి. చైన్ పొడవు కొత్తగా కొలవాలి: డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్దచక్రం, వెనక పెద్దచక్రం మీదుగా చైన్ చుట్టి, రెండు కొసలూ కలిసే చోటికి ఇంకో రెండు లింకులు కలపాలి. పాత పొట్టి చైన్ అలాగే ఉంచితే, పొరపాటున రెండు పెద్ద చక్రాల మీదా పడినప్పుడు డిరైలర్ విరిగిపోతుంది. చివరిగా, బిగించేముందు మరలకు గ్రీజు రాయాలి. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి, గ్రీజు లేకపోతే మళ్లీ తీయడం నరకం.

ఈ రకం ఫ్రీవీల్‌లో చివరి మెట్టు 24 నుంచి ఒక్కసారిగా 34కు పోతుంది. కాళ్లు ఉన్నట్టుండి గిర్రున తిరిగినట్టుంటుంది. రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది.

తొక్కేటప్పుడు

15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టండి. 18 నుంచి 20 ఉంటే బాగుంది. 15 కంటే తగ్గితే గేరు తేలిక చేయండి. ఈ లెక్క అలవాటు చేసుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల, పైన సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మంచి చోటు. బండ్ల భయం లేకుండా కాళ్ల మీదే దృష్టి పెట్టవచ్చు.

ఎడమ లీవర్ ముందు చక్రాలది, కుడి లీవర్ వెనకవాటిది. రెండింటిలోనూ 1 అంటే తేలిక. గేరు ఫ్లైఓవర్ మధ్యలో కాదు, మొదట్లోనే మార్చాలి. బలంగా నొక్కుతూ మారిస్తే చైన్ కరకరమంటుంది, ఒక్కోసారి జారి పడుతుంది. కాళ్లు తిప్పుతూనే ఒక్క క్షణం ఒత్తిడి తగ్గించి మార్చండి. సిగ్నల్ దగ్గర ఆగేముందే రెండు గేర్లు తేలికకు దింపాలి. ఆగాక డిరైలర్ మారదు, పచ్చ లైటు పడగానే బరువైన గేరులో లేవాల్సి వస్తుంది. రోజూ ట్రాఫిక్‌లో తొక్కేవాళ్ల మోకాళ్లకు ఇది భారం.

సీటు ఎత్తు, నొప్పి చోటు

సీటు కిందకుంటే ఎంత మంచి గేరైనా మోకాలిని కాపాడలేదు. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి కిందిదాకా తిప్పండి, కాలు నిటారుగా రావాలి. ఇక పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు తగినంత వంగి ఉంటుంది. షాపులో కాళ్లు రెండూ నేలకు ఆనేలా సీటు దింపి ఇస్తారు, దాన్ని అలాగే వదిలేయకండి.

మోకాలి ముందు, చిప్ప చుట్టూ నొప్పి వస్తే గేరు బరువో, సీటు కిందకో ఉందని అనుమానించండి. మోకాలి వెనక గుంజితే సీటు ఎక్కువ పైకుందేమో చూడండి. ఒక్కోసారి 5 మిల్లీమీటర్లు మార్చి రెండు మూడు రోజులు తొక్కి చూడాలి. ఒకేసారి గేరూ సీటూ రెండూ మార్చేస్తే నొప్పి దేనివల్ల తగ్గిందో తెలియదు. మోకాలు వాచినా, మడవడానికి పట్టేసినా, నడుస్తున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా సైకిల్ పక్కన పెట్టి ఎముకల డాక్టరుకు చూపించుకోండి.