పికప్ బండి పాఠాలు - 4: టైరు పెరిగితే మీటరు తగ్గుతుంది

పోయిన పాఠంలో టైరు పక్కన అచ్చేసిన అంకెలు చదవడం నేర్చుకున్నాం. మీ బండి పాత సైజు, కొత్త సైజు ఒక కాగితం మీద రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు ఆ కాగితం బయటికి తీయండి. లేనివాళ్లు ప్రస్తుతానికి నా బండి లెక్కతో రండి.

ముందు ఒక చిన్న సంగతి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు మేత తోలే తమ్ముడొకడు మొన్న వచ్చాడు. "టైర్లు మార్చిన కాడ్నించి డీజిల్ తాగేస్తా ఉండాదన్నా. పద్నాలుగిచ్చే బండి పదమూడున్నరకి పడిపోయింది. ఇంజెక్టర్లు చూపించాల్నా?" అన్నాడు. ఇంజెక్టర్ల జోలికి పోవద్దని చెప్పి, స్టెప్నీ దించమన్నాను. ఎందుకు దించమన్నానో ఈ పాఠం అయ్యేలోపు మీకే తెలుస్తుంది.

మీటరుకు రోడ్డుతో పరిచయం లేదు. గేర్ బాక్స్ వెనక షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో, దానికి తెలిసింది అంతే. ఇన్ని చుట్లకు ఒక కిలోమీటరు అని కంపెనీవాళ్లు పాత టైరును బట్టి లెక్క కట్టి పెట్టారు. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకే బండి కాస్త ఎక్కువ దూరం పోతుంది. చుట్లు తగ్గాయి కాబట్టి మీటరు కూడా తక్కువే చెబుతుంది.

ఎంత తక్కువ? నా బండికి కంపెనీ ఇచ్చినవి 215/75 ఆర్15. ఇప్పుడున్నవి 235/75 ఆర్15. 15 అంగుళాల రిమ్ము అంటే 381 మిల్లీమీటర్లు. 215 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రిమ్ము మీద టైరు ఎత్తు అందులో 75 శాతం, 161.25. అది పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు, 322.5. రిమ్ముతో కలిపితే 703.5. కొత్తదానికీ ఇలాగే కడితే 733.5 వస్తుంది. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 1.0426. అంటే నాలుగు శాతం పైచిలుకు. ఈ ఒక్క అంకె రాసుకోండి, మిగతా పనంతా దీనితోనే.

కాగితం లెక్క నమ్మలేనివాళ్లకు స్టెప్నీ ఉంది. అరిగిపోయిన పాత టైరును కొలవకండి. కొత్త టైరు గాళ్ల లోతు ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు ఉంటుంది, అరిగేసరికి రెండుకు దిగుతుంది. అలాంటి టైరును కొత్త పెద్ద టైరుతో పోలిస్తే తేడా ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన పాత సైజు స్టెప్నీ మాత్రం చాలా బళ్లలో నేల తొక్కకుండానే వేలాడుతూ ఉంటుంది. దర్జీ టేపు గానీ, సాగని తాడు గానీ స్టెప్నీ నడినెత్తిన ఒక చుట్టు చుట్టి కొలవండి. కొత్త టైరుకూ అంతే. రెంటికీ గాలి ఒకే లెక్కన ఉండాలి. నాకు ఒకటి 221, రెండోది 230 సెంటీమీటర్లు వచ్చాయి. భాగిస్తే 1.04. కాగితం చెప్పిందీ అదే.

ఇక్కడే చాలామంది తొందరపడి మీటరు షాపుకు పరిగెత్తుతారు. నేనూ పరిగెత్తాను. ఒక షాపులో కుర్రాడు అద్దం విప్పి, ముల్లు పీకి, కాస్త ముందుకు జరిపి అంటించి "అయిపోయింది సార్" అన్నాడు. బండి ఆగి ఉన్నా ముల్లు 3 మీద నిలబడింది! టైరు లెక్క ప్రకారం చూస్తే 60 దగ్గర బాగానే ఉంది, 20 దగ్గర మాత్రం 22 చూపిస్తోంది. టైరు తెచ్చిన తేడా వేగంతోపాటు పెరిగేది. ముల్లు జరపడం అన్ని వేగాల దగ్గరా ఒకే అంకె కలపడం. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. పైగా కింద తిరిగే కిలోమీటర్ల అంకెలకు ముల్లుతో పనే లేదు, అవి తప్పుగానే తిరుగుతూ పోయాయి.

కాబట్టి వేగాన్నీ దూరాన్నీ విడివిడిగా పరీక్షించాలి. ఈ పాఠంలో అసలు పట్టుకోవాల్సింది ఇదే, కాస్త నిదానంగా చదవండి.

వేగం సంగతి. మీటర్లు చేసేవాళ్లు ముల్లును అసలు వేగానికంటే కాస్త ఎక్కువ చూపించేలా పెడతారు. అంతర్జాతీయంగా చాలా దేశాలు పాటించే యూఎన్ 39వ నిబంధన ప్రకారం ముల్లు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించడానికి మాత్రం అసలు వేగంలో పదోవంతు, దాని మీద ఇంకో నాలుగు కిలోమీటర్ల దాకా వెసులుబాటు ఉంది. నా బండి పాత టైర్లతో ముల్లు 60 మీద ఉంటే ఫోన్‌లో జీపీఎస్ 57 చూపించేది. పెద్ద టైర్లు వేశాక అదే 60 దగ్గర 59, 60 మధ్య ఆడుతోంది. అంటే పెద్ద టైరు ముల్లును చెడగొట్టలేదు, దారికి తెచ్చింది!

ఈ పరీక్షకు పక్కన ఇంకొకరు ఉండాలి. నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడకూడదు. తిన్నటి రోడ్డు మీద ముల్లును ఒకేచోట పది, పదిహేను సెకన్లు నిలిపితేనే జీపీఎస్ అంకె కుదురుకుంటుంది. 40, 60, 80 దగ్గర ఒక్కోసారి చూసి పక్కనున్నవారు రాసుకుంటారు.

దూరం సంగతి వేరు. కిలోమీటర్ల అంకెలు పళ్ల చక్రాలతో తిరుగుతాయి కాబట్టి కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాదాపు సరిగ్గానే ఉంటాయి. పెద్ద టైరు చెడగొట్టేది దీన్నే. కావలి దాటి సింగరాయకొండ వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున పోయి చూడండి. రోడ్డు పక్కన పసుపు నెత్తి కిలోమీటరు రాళ్లు ఉంటాయి. ఒక రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేసి, పదో రాయి దాకా ఆగకుండా పోండి. ఒక్క కిలోమీటరుతో తేల్చకూడదు, రాయి అటూ ఇటూ పాతి ఉంటే లెక్కంతా పాడవుతుంది. నాకు పదో రాయి దగ్గర 9.6 వచ్చింది. పదిని 9.6తో భాగిస్తే 1.04. కాగితం, తాడు, రాయి మూడూ ఒకే మాట మీద ఉన్నాయి.

ఇప్పుడు మన మేత తమ్ముడి లెక్క చూద్దాం. పద్నాలుగును 1.0426తో భాగిస్తే 13.4. డీజిల్ ఎక్కడికీ పోలేదు, కిలోమీటర్లే లెక్కకు రాలేదు. పెద్ద టైరు బరువుకు కొంత డీజిల్ ఎక్కువ పడుతుందనేది నిజమే, కానీ అతను చూసిన తేడాలో ఎక్కువ భాగం మీటరుదే. కిలోమీటరుకు ఇంత అని కిరాయికి తిప్పేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఉలవపాడు మామిడికాయలు వేసుకుని రానూపోనూ 200 కిలోమీటర్లు తిరిగితే మీటరు 192 చూపిస్తుంది. కిలోమీటరుకు 20 రూపాయలనుకుంటే ఆ ఒక్క ట్రిప్పులోనే 160 రూపాయలు పోయినట్టు. ఆయిల్ మార్పు కూడా అంతే, మీటరు చూసి పదివేలకు మారిస్తే ఇంజిన్ పదివేల నాలుగువందలు నడిచి ఉంటుంది.

అందుకే నా పద్ధతి కిలోమీటర్లను సరిచేయడం. ముల్లు మళ్లీ నాలుగు ఎక్కువ చూపిస్తే చూపించనీ, దానివల్ల ఎవరూ ఫైన్ వేయరు.

గేర్ బాక్స్ చుట్లను మీటరుకు చేరవేసే మీటర్ కేబుల్ ఉన్న పాత బళ్లలో ఈ పని చేతితో అవుతుంది. కేబుల్ గేర్ బాక్స్‌లోకి దిగేచోట ముందు బురద, జిడ్డు గుడ్డతో శుభ్రంగా తుడవండి. లేదంటే ఇసుక లోపలికి జారుతుంది. కింద ఒక పళ్లెం పెట్టి కేబుల్ నట్టు చేతితో వదులు చేయండి. పక్కన దాన్ని పట్టి ఉంచే చిన్న బోల్టు విప్పితే స్లీవ్‌తో సహా మీటర్ పినియన్ బయటికొస్తుంది. ప్లాస్టిక్ పళ్ల చక్రం, చిటికెన వేలంత. నాలుగు చుక్కలు గేర్ ఆయిల్ కారితే కంగారు పడొద్దు.

పళ్లు లెక్కపెట్టేటప్పుడు ఒక పన్ను మీద గోళ్లరంగు చుక్క పెట్టండి. నేను మొదటిసారి చుక్క లేకుండా లెక్కపెడితే ఒకసారి 24, ఇంకోసారి 25 వచ్చాయి. మా ఆవిడ ఎర్ర గోళ్లరంగు తెచ్చిచ్చాక 24 అని తేలింది. 24ను 1.0426తో భాగిస్తే 23.02. అంటే 23 పళ్ల పినియన్ కావాలి. పళ్లు తగ్గితే పినియన్ వేగంగా తిరుగుతుంది, మీటరు ఎక్కువ లెక్కపెడుతుంది. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని 25 కొనుక్కొచ్చినవాళ్లున్నారు. వాళ్ల తేడా రెట్టింపయింది.

అందరికీ ఇంత సరిగ్గా కుదరదు. పాత పినియన్‌కు 17 పళ్లే ఉంటే లెక్క 16.3 వస్తుంది. 16 వేస్తే మీటరు రెండు శాతం ఎక్కువ లెక్కపెడుతుంది, 17 ఉంచితే నాలుగు శాతం తక్కువ. నేనైతే 16 వేస్తాను, కానీ కిరాయి ఇచ్చేవాళ్లకు ఆ రెండు శాతం ముందే చెబుతాను. నెల్లూరు ఆటోనగర్‌కు పోయేటప్పుడు పాత పినియన్ జేబులో వేసుకుని పోండి. పళ్ల సంఖ్య ఒక్కటే చాలదు, కాడ మందం, పళ్ల వాలు కూడా కలవాలి. బిగించే ముందు ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) కొత్తది వేసి, దానికి కాస్త గేర్ ఆయిల్ రాయండి. పాత రింగుతో బిగిస్తే నెల తిరిగేసరికి గేర్ బాక్స్ కింద మరక కనిపిస్తుంది.

టైర్ల గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. మీ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న సైజుల్లోనే ఉండండి, టైరు మీది లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకుండా చూసుకోండి. మేత బస్తాలు, ఐసు డబ్బాలు ఎత్తే బండికి వెడల్పు కంటే ఇది ముఖ్యం.

మీటరు మీద ఇప్పటికే పడిన కిలోమీటర్ల అంకెను ముట్టుకోకండి. అది మోసం కిందికి వస్తుంది. టైర్లు మార్చిన తేదీ, ఆ రోజు మీటరు అంకె, పినియన్ మార్చిన రోజు అంకె లాగ్ పుస్తకంలో రాయండి. ఆ రెండు అంకెల తేడాను 1.0426తో గుణిస్తే మధ్యలో బండి అసలు నడిచింది తెలుస్తుంది. నా పుస్తకంలో ఆ తేడా 3,100 అని ఉంది, గుణిస్తే 3,232.

వచ్చే పాఠం కేబుల్ లేని, సెన్సార్‌తో నడిచే మీటర్లది. దానికి ఇంటిపని: బండి కిందికి తొంగి చూసి, గేర్ బాక్స్ దగ్గర ఉన్నది కేబులా లేక మూడు వైర్ల సాకెట్టా అని ఇదే కాగితం మీద రాసుకుని రండి.