గోడ మీద బొమ్మ, కూడలిలో శిల్పం: నెల్లూరు, ఒంగోలు నగరాల్లో అనుమతికి దరఖాస్తు విధానం

నెల్లూరులో ఆటో ఎక్కి గాంధీబొమ్మ సెంటర్ అంటే డ్రైవరు మరో మాట అడగడు. ఊళ్లో బొమ్మలకు అంత పలుకుబడి ఉన్నా, కొత్తగా ఒక శిల్పం నిలపాలన్నా, అండర్‌బ్రిడ్జి గోడకు చిత్రం వేయాలన్నా ఎవరిని అడగాలన్నది చాలామందికి తెలియదు. నగరపాలక సంస్థ కార్యాలయంలో కళల కౌంటరు కోసం వెతకకండి. రోడ్లు, వీధి దీపాలు, పార్కులు చూసే అధికారులే దీన్నీ చూస్తారు.

కొన్ని నగరాల్లో ఇలా ఉండదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు 1932 నుంచీ ఆర్ట్స్ కమిషన్ ఉంది. ప్రభుత్వ కట్టడాల నిర్మాణ వ్యయంలో 2 శాతం కళకు కేటాయించాలని ఆ నగరం 1969లో శాసనం చేసుకుంది. ఏళ్ల తరబడి నిధులు అందని వర్గాల కళాకారులను దృష్టిలో పెట్టుకుని 1993లో సాంస్కృతిక సమానత్వ నిధిని ఏర్పాటు చేసింది. మన దేశంలో ఢిల్లీకి 1973 నాటి చట్టంతో అర్బన్ ఆర్ట్ కమిషన్ వచ్చింది గానీ, అది ప్రధానంగా భవనాల, నగర నిర్మాణాల నమూనాలను పరిశీలించే సంస్థ. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటి కమిషన్ ఏదీ లేదు. ఎవరి స్థలం, ఎవరి కథ, ఎవరికి పని, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరు కాపాడతారు అని అడిగే సంఘం లేదు కనుక, ఆ ప్రశ్నలు మీరే వేసుకుని జవాబులు అర్జీలో రాసివ్వాలి. నా ఉద్దేశంలో దరఖాస్తు అంటే అసలు ఇదే. మిగతాదంతా ముద్రలు, సంతకాలు.

ముందు గోడ ఎవరిదో తేల్చండి

ఒకే వీధిలో నాలుగు గోడలకు నలుగురు యజమానులు ఉండవచ్చు. మున్సిపల్ పాఠశాల ప్రహరీ, నగర పార్కు గోడ అయితే అర్జీ నేరుగా నగరపాలక సంస్థ కమిషనరుకే. నెల్లూరు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి లాంటి చోట పైన రైలు పట్టాలున్నాయి కాబట్టి విజయవాడ రైల్వే డివిజన్ అనుమతి కావాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీది వంతెన స్తంభాలు జాతీయ రహదారుల సంస్థవి. రంగనాథస్వామి ఆలయ గోడ గురించి దేవాదాయ శాఖను, దర్గా గోడ గురించి వక్ఫ్ బోర్డును అడగాలి. పంట కాలువ గట్టు జలవనరుల శాఖది. యజమాని శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం ముందే తెచ్చుకుని, ఆ నకలును కమిషనరుకిచ్చే అర్జీకి జతచేస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ప్రైవేటు ఇంటి గోడకు యజమాని ఒప్పుకుంటే చాలదా అని అడుగుతారు. బహిరంగ ప్రదేశాలను గోడరాతలతో పాడుచేయడాన్ని నిరోధించే రాష్ట్ర చట్టం ఒకటి 1997 నుంచి ఉంది. గోడ రోడ్డు వైపు ఉంటే యజమాని సమ్మతిపత్రంతో పాటు నగరపాలక సంస్థ అనుమతీ దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఎన్నికల ముందు గోడరాతలు చెరిపే సిబ్బంది మీ చిత్రానికీ సున్నం కొట్టేస్తే అడగడానికి ఆధారం ఉండదు.

విగ్రహం విషయం వేరు

రోడ్లు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు ఇకపై అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి నాయకుడి విగ్రహం కూడలిలో పెట్టాలని అర్జీ ఇస్తే, ఎంత పెద్ద మనిషి సిఫారసు ఉన్నా, చట్టప్రకారం రావలసిన జవాబు తిరస్కారమే. ఆ జవాబు ఎప్పుడూ అలాగే వస్తోందా అంటే, మన కూడళ్లు చూసినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

వీధుల అభివృద్ధి, సుందరీకరణ పనులకు ఆ ఆదేశం వర్తించదని అందులోనే ఉంది. గోడచిత్రాలకు దారి దొరికేది ఇక్కడే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటులో చెక్కిన ఒంగోలు గిత్త సుందరీకరణ అవుతుందా, విగ్రహం అవుతుందా అన్న మీమాంస మాత్రం ఫైలును నెలల తరబడి ఆపగలదు. శిల్పమే కావాలనుకుంటే రోడ్డు మధ్య స్థలం వదిలి కళాశాల, గ్రంథాలయం లాంటి సంస్థ సొంత ఆవరణను ఎంచుకోవడం మేలు. వ్యక్తి విగ్రహమైతే ఆవరణ లోపలైనా జిల్లా కలెక్టరు కార్యాలయం, పోలీసుల అభిప్రాయం అడుగుతారని లెక్క వేసుకోండి.

అర్జీలో ఏమేమి ఉండాలి

కమిషనరు పేరిట తెల్లకాగితం మీద రాసిన అర్జీ సరిపోతుంది. స్థలం ఏ వార్డులో ఉంది, గోడ పొడవు, ఎత్తు ఎంత, ఇప్పుడు ఎలా ఉంది అన్నవి ఫొటోలతో చూపండి. వేయబోయే చిత్రం రంగుల నమూనా జతచేయండి. నోటిమాటగా వర్ణిస్తే ఒక్కో అధికారి ఒక్కో బొమ్మ ఊహించుకుంటారు. వాడే రంగులు, పరంజా, పని జరిగే రోజుల్లో వాహనాలు ఎటు మళ్లాలి, తర్వాత నిర్వహణ ఎవరిది, ఖర్చు ఎంత, అది ఎవరు పెడతారు అన్నవి ఒక్కో పేరాలో చాలు.

ఎక్కువ కాగితం ఖర్చు పెట్టవలసింది మరో రెండు విషయాల మీద. మొదటిది, ఆ గోడ పక్కన ఉండేవాళ్ల మాట. నెల్లూరు జిల్లాలో యానాదుల జనాభా ఎక్కువ. వాళ్ల కాలనీ గోడ మీద విల్లు పట్టిన మనిషినో, చేపల బుట్టనో వేసి ఇదే గిరిజన సంస్కృతి అని పేరు పెట్టడం తేలిక. కాలనీలో కూర్చుని నమూనా చూపించి, ఏం మార్చమన్నారో రాసుకుని, వాళ్ల సంతకాలతో ఆ కాగితాన్ని జతచేయడం కష్టమైన పని. ఆ కాగితం తప్పనిసరి అని ఏ నిబంధనా చెప్పదు. రేపు ఎవరైనా అభ్యంతరం లేవదీస్తే అధికారి చేతికి దొరికే ఆధారం మాత్రం అదొక్కటే.

రెండోది, పని ఎవరికి అన్నది. ఫ్లెక్సీలు వచ్చాక ట్రంకు రోడ్డు మీద దుకాణాలకు బోర్డులు రాసిన చేతులు ఖాళీ అయ్యాయి. తోలుబొమ్మల శైలిని గోడకెక్కించాలని సరదాపడేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే ఈ ప్రాంతపు ప్రత్యేక కళగా భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఆ బొమ్మలు చేసే కుటుంబాలకు మాత్రం ఆ గోడ మీద కూలి కూడా దక్కదు. మీ బృందంలో స్థానిక కళాకారులు ఎందరు, స్త్రీలు ఎందరు, ఎవరికి ఎంత ఇస్తారు అన్నది అర్జీలోనే రాయండి. పేర్లకు పక్కన వాళ్లు ముందు చేసిన పనుల ఫొటోలు పెట్టండి.

అర్జీని తపాలు విభాగంలో ఇచ్చి నంబరు, తేదీ వేసిన రసీదు తీసుకోండి. అక్కడి నుంచి ఫైలు ఇంజనీరింగ్, పట్టణ ప్రణాళిక విభాగాల మీదుగా తిరుగుతుంది. నగరపాలక సంస్థ డబ్బు ఖర్చయ్యే పనైతే స్థాయీ సంఘం, పాలకమండలి ఆమోదం దాకా వెళ్లవచ్చు. పాలకమండలి లేని కాలంలో ప్రత్యేకాధికారి నిర్ణయిస్తారు.

డబ్బు, ఒప్పందం

నగరాల పరిశుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల పోటీ వచ్చినప్పటి నుంచి గోడల మీద బొమ్మలకు నగరాలు ఖర్చు చేస్తున్నాయి. చిక్కల్లా పని కాంట్రాక్టరు పేరిట వెళ్లడంలో ఉంది. గోడకు రంగు పూయడానికి చదరపు మీటరుకు ఇంత అన్న లెక్కలో చిత్రకారుడి చేతిపనినీ ఇరికిస్తే అతనికి మిగిలేది దినకూలి. అందుకే ఎస్టిమేటులో రంగులు, పరంజా, కూలీల ఖర్చుకు విడిగా కళాకారుడి పారితోషికం అని ఒక వరుస చూపించమని పట్టుబట్టండి. కంపెనీల నుంచి కూడా నిధి అడగవచ్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. ఆ పనుల జాబితాలో కళలు, సంప్రదాయ హస్తకళలు ఉన్నాయి. కృష్ణపట్నం చుట్టుపక్కల ఆ లెక్కలోకి వచ్చే కంపెనీలు ఉన్నాయి. బొమ్మలో సగం కంపెనీ చిహ్నమే కనబడాలని అడిగితే మాత్రం అది ప్రకటన అవుతుంది, ప్రకటన రుసుము నిబంధనలు వేరు.

ఒప్పందం మీద సంతకం చేసేముందు కాపీరైటు సంగతి చూడండి. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు మొదట వేయించుకున్నవాళ్లదే. అయినా 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద కళాకారుడి నైతిక హక్కు అతని దగ్గరే ఉంటుంది. ఆయన పేరు చెప్పాలి, పరువుకు భంగం కలిగేలా కృతిని పాడుచేయకూడదు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఢిల్లీ హైకోర్టు 2005లో శకలాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయలు పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. అంత దూరం వెళ్లే ఓపిక మనలో ఎందరికి ఉంటుంది? అందుకే చిత్రం కనీసం ఎన్నేళ్లు ఉంచుతారు, గోడ పడగొట్టవలసి వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, కళాకారుడి పేరు ఎక్కడ రాస్తారు అన్న మూడు షరతులు ఒప్పందంలో రాయించుకోండి.

అనుమతి వచ్చినా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పని మొదలుపెట్టకండి. ఈశాన్య రుతుపవనాల తడి పీల్చిన గోడ మీద ఏ రంగూ నిలవదు. పని పూర్తయ్యాక ఇంజనీరు కొలతలను ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, నమోదు చేస్తేనే బిల్లు కదులుతుంది. ఆ రోజు దగ్గరుండి ఫొటోలు తీయించండి. అర్జీకి జవాబే రాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రసీదు నంబరుతో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో తెలుసుకోవాలంటే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.