కథలో తలుపు ఎప్పుడు తలుపు, ఎప్పుడు ప్రతీక?

సాహిత్య వ్యాసాలు దిద్దడం నా పని. ప్రతి కట్టలోనూ ఒక వాక్యం తప్పకుండా తగులుతుంది: "ఈ కథలోని వర్షం దుఃఖానికి ప్రతీక." మార్జిన్‌లో నేను రాసేదీ ఎప్పుడూ ఒకటే: "ఏ వాక్యం చూసి ఇలా అన్నావు?" వాన కోసం మొగులు చూసే రైతు కథలో అదే వర్షం పండగ. బడి ఎగ్గొట్టిన పిల్లల కథలో ఆట. ప్రతీకలకు నిఘంటువు లేదు. ఎరుపంటే కోపం, తెలుపంటే శాంతి అని బట్టీ పట్టిన లిస్టుతో కథలోకి దిగితే కనిపించేది ఆ లిస్టే, కథ కాదు.

అందుకే మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ ముట్టుకోవద్దు. ఎవరు, ఎవరికి, ఏం చేశారు, అది అర్థమైతే చాలు. గీతలు గీయడం రెండో చదువులో. అప్పుడు కూడా అందంగా ఉన్న వాక్యాలు వెతకకండి. మళ్లీ మళ్లీ వస్తున్నది, కథకు అక్కర్లేనంత చోటు ఆక్రమించినది, మొదట ఒకలా ఉండి తర్వాత ఇంకోలా మారినది, ఇలాంటివి కంటపడితే గీయండి. మొదటి వాక్యం కింద, చివరి వాక్యం కింద ఎలాగూ గీయాల్సిందే. రచయిత ఆ రెండు చోట్లా మాటలు ఊరికే ఖర్చు చేయడు.

గురజాడ 'దిద్దుబాటు' (1910) తీసుకుందాం. చిన్న కథ, కూర్చున్న చోటే రెండుసార్లు చదవొచ్చు. "తలుపు! తలుపు!" అన్న పిలుపుతో మొదలవుతుంది. రాత్రి ఒంటిగంట. సానిదాని పాట విని ఇంటికొచ్చిన గోపాలరావు గుమ్మం బయట నిలబడి లెంపలు వేసుకుంటున్నాడు. భార్య కమలిని లేవకూడదు. నౌకరు రాముణ్ణి లేపుకుని, చప్పుడు లేకుండా పక్క చేరి పెద్దమనిషిలా పడుకోవాలి. అదీ ప్లాను. తీరా చెయ్యి తగలగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఆగండి. తలుపు గడియ వేసి ఉంటే లోపల ఎవరో ఉన్నట్టు. బయటివాడు పిలవాలి, లోపలివాళ్లు తియ్యాలి. అతని టెన్షనంతా దొరక్కుండా లోపలికి వెళ్లడం గురించే. ఆ తెరుచుకున్న తలుపుతో అతని లెక్కంతా తలకిందులైంది. అడ్డుకునేవాళ్లు లేరు, పట్టుకునేవాళ్లూ లేరు. లోపల చీకటి. అగ్గిపుల్ల గీస్తే ఖాళీ మంచం. వెళ్లిపోతున్నానని కమలిని రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. అది "అయ్యా!" అని మొదలవుతుంది. 'ప్రియా' పోయి 'అయ్యా' వచ్చిందా అని అతనే విలవిల్లాడతాడు.

సరే, తలుపు ప్రతీకేనా? నేను పిల్లలతో చేయించే పరీక్ష ఒకటుంది: దాన్ని తీసేసి చూడండి. గడియ వేసే ఉంది, రాముడే వచ్చి తీశాడు అనుకుందాం. కథ ఆగదు, ఉత్తరం దొరుకుతుంది, అంతా జరుగుతుంది. కానీ దొంగలా దూరదామనుకున్నవాడికి ఇల్లు బార్లా తెరిచి ఉండటం అనే మొదటి దెబ్బ పోతుంది. కథ కుంటుతుంది. అంటే తలుపు అక్కడ పని చేస్తోంది. ఇప్పుడు ఇదే పరీక్ష కథలోని గడియారానికి పెట్టండి. ఒంటిగంట కొట్టింది. అది కాలచక్రానికి ప్రతీక అని పేజీలు నింపినవాళ్లున్నారు. దాన్ని తీసేసి "అర్ధరాత్రి దాటింది" అని రాసినా కథకు పెద్ద నష్టం లేదు. అది టైము చెప్పింది, అంతే. ప్రతి వస్తువుకీ ఇంకో అర్థం అంటగట్టడం విశ్లేషణ కాదు, సోది చెప్పడం.

తలుపు పని చేస్తోందని తేలింది కదా అని వెంటనే "తలుపు స్త్రీ స్వేచ్ఛకు ప్రతీక" అని రాసేయకండి. కథ చివర చూడండి. కమలిని ఎక్కడికీ వెళ్లలేదు. మంచం కిందనుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు మీ వాక్యానికి అడ్డు పడుతోంది. అడ్డు పడేదాన్ని చూడనట్టు దాటేస్తే మార్కులు పోయేది అక్కడే. నిజానికి మంచి పాయింటు కూడా అక్కడే దొరుకుతుంది: ఆమె వెళ్లిపోలేదు, వెళ్లిపోగలనని చూపించింది. తెరిచిన తలుపు చెప్పేది ఆ 'గలను' గురించి. ఇప్పుడు వాక్యం కథకు సరిపోయింది.

ఇక ఇతివృత్తం, అదే థీమ్. "ఈ కథ థీమ్ ఏమిటి?" అని అడిగితే "స్త్రీ విద్య" అంటారు. అది విషయం మాత్రమే. స్త్రీ విద్య గురించి కథ ఏమంటోంది? క్రియ ఉన్న వాక్యంలో చెప్పండి. "చదువుకున్న భార్య భర్తను దిద్దగలదు." కాస్త నయం. ఇంకా బిగించండి. దిద్దడానికి ఆమె వాడిన పనిముట్టు ఏమిటి? ఉత్తరం. రాయడం రాకపోతే ఆ ఎత్తే లేదు. ఏడవలేదు, పుట్టింటికి పోలేదు, పంచాయితీ పెట్టలేదు. "చదువు ఆమెకు ఇచ్చింది ఇల్లు దాటే దారి కాదు, ఇంట్లోనే తన మాట నెగ్గించుకునే ఉపాయం." దీంతో ఎవరైనా పోట్లాడొచ్చు. భర్త తప్పు ఇంత తేలిగ్గా నవ్వులో కలిసిపోవాలా, అంటారు. పోట్లాడనివ్వండి. "చెడు అలవాట్లు మంచివి కావు" లాంటి వాక్యంతో ఎవరూ పోట్లాడరు, అందుకే అది థీమ్‌గా పనికిరాదు.

ఒక్కోసారి ప్రతీకకు ముందే లోకంలో ఒక అర్థం ఉంటుంది. అప్పుడు పని రెట్టింపు. జాషువ కావ్యం 'గబ్బిలం' (1941) చూడండి. గబ్బిలం ఇంట్లోకి వస్తే అపశకునమంటారు. కవి కూడా దాన్ని "ముక్కుమొగమున్న చీకటిముద్ద" అనే పరిచయం చేస్తాడు. దాని రెక్కల గాలికి ఆ పేదవాడి ఆముదపు దీపం ఆరిపోతుంది కూడా. కానీ అంటరానివాడని ఊరు దూరం పెట్టిన ఆ మనిషి తన గోడు శివుడికి చెప్పమని బతిమాలేది దాన్నే. ఎందుకు? అతను అడుగుపెట్టలేని గుడిలో అది వేలాడగలదు. అక్కడ శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేనప్పుడు చెప్పు అంటాడు. ఆ 'పూజారి లేనప్పుడు' కింద గీత గీయండి. ధర్మాగ్రహం, వెటకారం, భయం, మూడూ అందులోనే ఉన్నాయి. కాళిదాసు 'మేఘదూతం'లో యక్షుడు సందేశమిచ్చి మేఘాన్ని పంపింది భార్య దగ్గరికి. మేఘం తలెత్తి చూసే వస్తువు, గబ్బిలం తలకిందులుగా వేలాడే ప్రాణి. రెండు కావ్యాలూ తెలిసినవాళ్లకు ఈ మార్పే సగం అర్థం చెబుతుంది. మీ పేజీలో రాయాల్సింది "గబ్బిలం అశుభానికి ప్రతీక" అని కాదు. లోకం దానికిచ్చిన అర్థాన్ని కావ్యం ఏం చేసిందో రాయాలి.

ఇదేదో పడమటి నుంచి దిగుమతైన చదువనుకునేవాళ్లకు ఒక మాట. 9వ శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు ధ్వని గురించి, అంటే మాట వెనక స్ఫురించే అర్థం గురించి, గ్రంథం రాశాడు. ఆలంకారికులు, అంటే కావ్యాల గురించి శాస్త్రం రాసినవాళ్లు, చెప్పే పాత ఉదాహరణ "గంగలో పల్లె". నీళ్లలో ఇళ్లుండవు కాబట్టి ఒడ్డున అని అర్థం. మరి ఒడ్డున అని నేరుగా అనకుండా గంగలో అన్నందుకు అదనంగా ఏం వచ్చింది? చల్లదనం, పావనత్వం. ఈ ప్రశ్నల వరస ఏ కవితకైనా పెట్టి చూడండి: మాటకు మామూలు అర్థం ఏమిటి, ఆ అర్థం చాలకుండా పోయింది ఎక్కడ, ఈ మాటే వాడినందుకు వెంట వచ్చిందేమిటి.

రాసేటప్పుడు ఒక పేరాకు ఒక్క ప్రతీక చాలు. ముందు మీ వాదం, తర్వాత రచనలోంచి చిన్న ముక్క, కొటేషన్ మార్కుల్లో, నాలుగైదు మాటలకు మించకుండా. ఆ తర్వాత ఆ ముక్కలో ఏ మాట మీ వాదాన్ని మోస్తోందో చెప్పాలి. ఎక్కువమంది కొటేషన్ పెట్టేసి తర్వాతి పేరాకు పోతారు. అసలు విశ్లేషణ కొటేషన్ తర్వాత వచ్చే రెండు మూడు వాక్యాల్లోనే ఉంటుంది. రచయిత జీవితం గురించి తెలిసినదంతా కుమ్మరించకండి, రచనలో ఆనవాలు ఉన్నంతవరకే. "ప్రతీక" అన్న మాట పేరాలో రెండోసారి వచ్చిందంటే దాన్ని కొట్టేసి, ఆ వస్తువు అక్కడ ఏం చేస్తోందో మామూలు క్రియతో రాయండి: దాస్తోంది, ఎగతాళి చేస్తోంది, గుర్తు చేస్తోంది, బెదిరిస్తోంది. ఆ క్రియ దొరక్కపోతే ఆ వస్తువును వదిలేసి, పెన్సిల్ గీతల్లో ఇంకోదాన్ని పట్టుకోండి.