క్లస్టర్ నేర్చుకుందాం - 4వ పాఠం: టైమ్ ఎంత అడగాలి?

క్లస్టర్ అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు. పోయిన పాఠంలో దానికి జాబ్ స్క్రిప్ట్ (ఏ పని చేయాలో, ఏమేం కావాలో చెప్పే ఫైలు) రాసి ఎస్‌బ్యాచ్ (sbatch) కమాండ్‌తో పంపాం. వరుస చూపించే ఎస్‌క్యూ (squeue) కమాండ్ కొట్టి చూడండి, చాలామందికి ఇంకా 'పీడీ' అనే ఉంటుంది. పెండింగ్ అన్నమాట. పక్కన బ్రాకెట్లో 'ప్రయారిటీ' అని ఉంటే మీకంటే ముందు వేరేవాళ్లున్నారు. 'రిసోర్సెస్' అని ఉంటే మీ వంతు వచ్చింది, నోడ్లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు) ఖాళీ కావాలంతే. 2022లో బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చిన 3.3 పెటాఫ్లాప్స్ వేగమున్న సూపర్‌కంప్యూటర్ పరమ్ ప్రవేగ అయినా, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవా అయినా అందరూ పంచుకునే యంత్రమే. క్యూ తప్పదు.

ఇప్పుడు స్క్రిప్ట్‌లో టైమ్ లైన్ చూడండి. సీనియర్ దగ్గర కాపీ కొట్టిన స్క్రిప్టయితే (ఎవరిది కాదు లెండి!) అక్కడ 3-00:00:00 అని ఉంటుంది, అంటే 3 రోజులు. మీ పని 2 గంటలదే కావచ్చు, క్లస్టర్‌లో జాబ్‌లకి వంతులు వేసే ప్రోగ్రామ్ స్లర్మ్‌కి ఆ సంగతి తెలీదు. మీరు రాసిందే నమ్ముతుంది.

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. మగపెళ్లివారు 20 మంది ఒకే వరుసలో కూర్చోవాలి. 14 కుర్చీలు ఖాళీ, మిగతా 6 ఖాళీ కావడానికి పావుగంట పడుతుంది. ఈలోపు "10 నిమిషాల్లో తినేసి లేస్తాను" అన్నాయన్ని కూర్చోబెడతారు. గంట పడుతుందన్నాయన్ని ఆపేస్తారు. స్లర్మ్‌లో దీని పేరు బ్యాక్‌ఫిల్. 3 రోజులని రాసి ఈ అవకాశం మనమే పోగొట్టుకుంటాం.

అలాగని మరీ బిగించకండి. గడువు దాటితే స్లర్మ్ జాబ్‌ని నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది. నేనైతే ఒకసారి నడిపి చూసి, పట్టినదానికి ఒకటిన్నర రెట్లు రాస్తాను.

మెమరీ సంగతి ఇంకా ఘోరం. 48 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), 192 జీబీ మెమరీ ఉన్న నోడ్‌లో ఒక్క కోర్‌కి 180 జీబీ అడిగారనుకోండి. మిగిలిన 47 కోర్లకీ కలిపి దక్కేది 12 జీబీ లోపే. వాటిలో చాలా కోర్లు ఊరికే పడుంటాయి. మీ ప్రోగ్రామ్ వాడింది చూస్తే 6 జీబీ!

అభ్యాసం: ముగిసిన జాబ్ నంబరుతో సెఫ్ (seff) కమాండ్ కొట్టండి, జాబ్ ఎంత టైమ్, ఎంత మెమరీ వాడిందో చూపిస్తుంది. మీ క్లస్టర్‌లో అది లేకపోతే సపోర్ట్ వాళ్లనడగండి, ఆ పనికే ఉన్నారు. అడిగిన మెమరీ, వాడిన మెమరీ పక్కపక్కన రాసుకుని, స్క్రిప్ట్‌లో టైమ్, మెమరీ లైన్లు రెండూ సరిచేసి మళ్లీ పంపండి. గడువులో పట్టని జాబ్‌ని ఆగినచోటి నుంచి ఎత్తుకోవడం 5వ పాఠంలో.